ఆమె కాగితంలో నేను పెట్టిన టిక్కులు

నేను అనకాపల్లిలో నర్సింగ్ చదువుతున్నప్పుడు ఏడాదిన్నర పాటు నా పక్క మంచం మీద పడుకున్న అమ్మాయి గురించి ఇది. ఆమెను అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దంది. అందుకని ఇందులో ఆమె పేరు లేదు, నా పేరూ లేదు.

ఆమెది కె. కోటపాడు దగ్గర పల్లె. చెరకు, వరి పండించే ఇల్లు. ఆ ఇంట్లో ఇంటర్ దాటి చదివిన మొదటి మనిషి ఆమే. నాది అనకాపల్లి టౌనే. మా నాన్న టైలరు, అమ్మ ఏఎన్ఎం. చిన్నప్పటి నుంచి టీకాల రోజున అమ్మ వెంట పల్లెలు తిరిగినదాన్ని, ఆదివారం చర్చిలో మైకు ముందు నిలబడి వాక్యం చదివినదాన్ని. నలుగురిలో మాట్లాడాలంటే భయం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఇల్లు టౌన్లోనే ఉన్నా కాలేజీ రూలు ప్రకారం నేనూ హాస్టల్లోనే ఉండాలి. అలా ఇద్దరం ఒక గదిలో పడ్డాం.

మొదటి రోజు, "కిటికీ పక్కన నువ్వు పడుకుంటావేటి?" అని అడిగాను. తల ఊపింది. అవుననో కాదనో తెలియలేదు. రెండోసారి అడగకుండా కిటికీ పక్క మంచం నేనే తీసేసుకున్నాను. గాలి ఆడకపోతే ఆమెకి నిద్రపట్టదని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. అదీ ఆమె చెప్పలేదు. వాళ్లమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు, "ఇంటికాడ వాకిట్లో మంచమేసుకుని పడుకుంతాదమ్మా ఇది, లోపల ఉండనేదు" అంది. అప్పుడైనా మంచం మార్చుకుందామని నేను అనలేదు. అప్పటికి నా పుస్తకాలన్నీ ఆ కిటికీలో సర్దేసుకున్నాను.

మాకు క్లినికల్ పోస్టింగ్ టౌన్లో పెద్దాసుపత్రిలో. ఫిమేల్ సర్జికల్ వార్డులో ఒక ముసలమ్మ ఉండేది. షుగర్ వల్ల కాలి పుండు. కట్టు మార్చడానికి ఎవరు వెళ్లినా అరిచి గోల పెట్టేది. ఓ రోజు నన్ను పంపారు. మంచం పక్కన నిలబడి నాకొచ్చిన మాటలన్నీ చెప్పాను. మందు గురించి చెప్పాను, ధైర్యం చెప్పాను, జోకు కూడా వేశాను. నేను మాట్లాడినకొద్దీ ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. నా వెనకాల ట్రే పట్టుకుని నిలబడ్డ మా గది అమ్మాయి ముందుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. సెలైన్‌తో పాత కట్టుని కొంచెం కొంచెంగా తడిపింది. తడిపి ఆగింది. ముసలమ్మ ముఖం చూసింది. మళ్లీ తడిపింది. పుండుకి అతుక్కున్న గాజుగుడ్డ దానంతటది వదిలే దాకా అలా పావుగంట కూర్చుంది. ముసలమ్మ అరవలేదు. మర్నాడు నేను ట్రే పట్టుకుని వెళ్తే, "నువ్వొద్దమ్మా, ఆ మాటాడని పిల్లేది? ఆ పిల్లొత్తేనే సేయించుకుంతాను" అంది.

నేను నవ్వేసి వచ్చేశాను. లోపల మాత్రం గుచ్చుకుంది.

ఆ నేర్పుకి మార్కులు ఎక్కడా లేవు. వైవాలో ఆమె గొంతు ఎండిపోయేది. చేతి వేళ్లు చీర కుచ్చిళ్లలా యాప్రాన్ని మడిచేవి, విప్పేవి. ఒకసారి ఇన్సులిన్ గురించి అడిగితే నిలబడి నేల చూసింది. నిజానికి ఆ పాఠం ముందు రోజు నాకు చెప్పింది ఆమే. ఆమె తర్వాత అదే ప్రశ్న నన్నడిగారు. ఆమె మాటల్లోనే గడగడా చెప్పేశాను. మా క్లాస్ ఇన్‌చార్జి మేడం, "నర్సుకి నోరుండాలమ్మా, చూడు, పక్కనే ఉంటావు, ఈ అమ్మాయిని చూసి నేర్చుకో" అంది. నేను వినయంగా తల దించుకున్నాను.

హాస్టల్లో పిల్లలు నవ్వుకోడానికి నేను ఆమె వైవా నటించి చూపించేదాన్ని. యాప్రాన్ మడవడం, గొంతు సవరించుకోవడం, నేల చూడటం. ఒకటి రెండుసార్లు ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది. కోప్పడలేదు. "నాను అలగుంతానేటే?" అని మాత్రం అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

రెండో ఏడాది మధ్యలో విశాఖపట్నం నుంచి ఒక మేడం వచ్చారు. ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నారట. నర్సింగ్ విద్యార్థుల స్వభావం ఎలా ఉంటుంది, మనసు ఎంత కుదురుగా ఉంటుంది, దానికీ మార్కులకీ ఏమైనా సంబంధం ఉందా అని ఆవిడ పరిశోధన. అందరికీ తలా నాలుగు పేజీల కాగితాలు పంచారు. 'కొత్తవాళ్లతో నేను త్వరగా కలిసిపోతాను', 'చిన్న పొరపాటు జరిగినా చాలాసేపు దాని గురించే ఆలోచిస్తాను', 'గత నెలలో నాకు నిద్ర బాగా పట్టింది'. ఇలాంటి వాక్యాలు. ఒక్కోదాని పక్కన ఐదు గళ్లు, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. చివరి పేజీలో ఏమైనా చెప్పుకోవాలనుకుంటే రాయడానికి ఖాళీ.

"పేరు రాయక్కర్లేదు" అన్నారు ఆవిడ. "ఎవరికైనా నాతో మాట్లాడాలనిపిస్తే చివర్లో రోల్ నంబర్ వేయండి. రెండు వారాల్లోపు శనివారం చూసుకుని నేనే వచ్చి విడిగా మాట్లాడతాను. ఇక్కడ ఎవరికీ తెలియనివ్వను."

నేను పది నిమిషాల్లో టిక్కులన్నీ పెట్టేశాను. ఆమె మాత్రం ప్రతి వాక్యం దగ్గరా ఆగింది. గంట కొట్టినా రాస్తూనే ఉంది.

ఆ మేడంకి వేరే కాలేజీకి వెళ్లే పనుంది. కాగితాలు పోగుచేసి, కవర్లో పెట్టి అంటించి, సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి ఇవ్వమని క్లాస్ లీడర్‌కి అప్పజెప్పారు. క్లాస్ లీడర్ని నేనే. ఆవిడ గేటు దాటాక మా ఇన్‌చార్జి మేడం నన్ను పిలిచి, "అంటించే ముందు ఓసారి చూడమ్మా. వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉంది. మన పిల్లలు ఏది తోస్తే అది రాసేస్తారు" అంది. అంతే అంది. మార్చమనలేదు, చించమనలేదు. ఇన్నేళ్లలో నేను ఆ మాటలు ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా, వాటిలో అంతకుమించి నాకు దొరకలేదు.

లైబ్రరీలో కూర్చుని ఒక్కో కాగితం తిరగేశాను. ఎవరో సాంబారు నీళ్లలా ఉంటుందని రాశారు. ఎవరో బాత్రూం గడియ గురించి రాశారు. అవి అలాగే ఉంచేశాను. తర్వాత ఆమె చేతిరాత వచ్చింది. గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను.

"పొద్దున్న యూనిఫాం వేసుకునేటప్పుడు చేతులు వణుకుతున్నాయి. మందు తప్పుగా ఇచ్చేస్తానేమోనని భయం. హాస్టల్‌కి వచ్చాక కూడా చార్ట్ సరిగ్గా చూశానా లేదా అని అదే ఆలోచన. నిద్ర లేదు. చదివింది నిలవడం లేదు. ఇక్కడ చెప్పుకోడానికి నాకు ఎవరూ లేరు. ఒక్కసారి మాట్లాడండి మేడం."

కింద రోల్ నంబర్.

అప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు రాయాలి. ఆమె మీద జాలి కలగలేదు. కాలేజీ పేరు గురించి భయం కూడా తర్వాతే వచ్చింది. ముందు వచ్చింది కోపం. చెప్పుకోడానికి ఎవరూ లేరట. మరి నేనెవర్ని? చేయి చాస్తే తగిలేంత దూరంలో పడుకుంటాను. నా బిస్కెట్లు ఇచ్చాను, రికార్డులో బొమ్మలు వేసి పెట్టాను. ఆ మేడం ఈ కాగితం చదివి, ఈ పిల్ల రూమ్మేట్ ఎవరు అని అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

మిగిలిపోయిన ఖాళీ ఫారాలు రెండు నా దగ్గరే ఉన్నాయి. ఒకటి తీసి మొదటి పేజీ నుంచి నింపాను. త్వరగా కలిసిపోతాను, అవును. నిద్ర బాగా పట్టింది, అవును. నా చదువు మీద నాకు నమ్మకం ఉంది, అవును. చివరి పేజీ ఖాళీగా వదిలేశాను. నంబర్ వేయలేదు. ఆమె రాసినదాన్ని నాలుగు ముక్కలు చేసి, వాటిని మళ్లీ చిన్న ముక్కలు చేసి, లైబ్రరీ వెనక చెత్తకుండీలో వేశాను. కవర్ అంటించి సాయంత్రం ఆ మేడం చేతిలో పెట్టాను. "థాంక్స్ అమ్మా, చాలా శ్రద్ధగా చేశావు" అన్నారు ఆవిడ.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఆమె తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని గేటు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఎవరి కోసమని అడిగితే, "ఊరికే" అంది. ఆ తర్వాతి శనివారమూ కూర్చుంది. ఆ సాయంత్రం గదిలోకి వచ్చి, "ఆ వైజాగు మేడం మళ్లీ రానేదేటే?" అని అడిగింది.

"ఎన్ని కాలేజీలు తిరుగుతారో ఆవిడ. ఎవర్నని గుర్తుపెట్టుకుంటారు?" అన్నాను.

"అంతేలే" అంది.

నా గొంతు తొణకలేదు. నోరున్న నర్సుని కదా.

నెల తిరక్కుండానే అది జరిగింది. మెడికల్ వార్డులో మధ్యాహ్నం మందులిచ్చే వేళ. ఆమె చార్ట్ చూసి, మందు చూసి, పేషెంటు పేరు అడిగి, మళ్లీ చార్ట్ దగ్గరికి వెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. వెనక మంచాల వాళ్లు విసుక్కుంటున్నారు. సిస్టర్ కేకేసింది. "ఒక మాత్రకి ఎన్నిసార్లు చూస్తావు? నీలాంటి వాళ్లని పెట్టుకుంటే సాయంత్రం దాకా మధ్యాహ్నం మందులే!" వార్డంతా ఇటు తిరిగింది. ఆమె ట్రేని మెల్లగా, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. టోపీ తీసి పక్కన పెట్టింది. బయటికి నడిచి మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. "నావల్ల కాదే, నావల్ల కాదే" అంటోంది. ఆ ఒక్కటే మాట.

రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్న వచ్చాడు. టీవీఎస్ బండి మీద, భుజాన తువ్వాలు. ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికి వచ్చాక వరండాలో నన్ను ఆపాడు.

"తల్లీ, అది నోరిప్పదు. నాకూ సెప్పదు, వాళ్లమ్మకీ సెప్పదు. నువ్వు దాని జతదానివి. నీకేటైనా సెప్పిందేటమ్మా?"

"లేదు బాబాయ్. నాకేం చెప్పలేదు" అన్నాను.

మాట వరకు అది నిజమే. ఆమె నాకు చెప్పలేదు. ఆయన, "సరేలే అమ్మా, నువ్వు బాగా సదువుకో" అని పెట్టె బండికి కట్టుకున్నాడు. ఆమె వెనక కూర్చుంది. ఆ మర్నాడు నా పక్క మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

సంవత్సరం చివర ఆ వైజాగు మేడం వచ్చి తన పరిశోధన ఫలితాలు చెప్పారు. మా కాలేజీ పిల్లల మనసులు మొత్తం మీద కుదురుగా ఉన్నాయన్నారు. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టించారు. నేను ముందు వరసలో ఉన్నాను. ఆవిడ వేదిక దిగబోతూ ఆగి, "ఒక్కరూ రోల్ నంబర్ వేయలేదు. ఒక్కరైనా వేస్తారనుకున్నాను. మంచిదే" అన్నారు. ఆ "మంచిదే" అనడంలో ఏదో అనుమానం ఉందని నాకనిపించింది. లేచి నిలబడాలనుకున్నాను. లేవలేదు. ఆ రోజే నాకు ఉత్తమ విద్యార్థిని బహుమతి ఇచ్చారు, ఒక స్టెతస్కోపు.

చదువయ్యాక కొన్నేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. పై చదువు చదివి ఇప్పుడు వేరే నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పెళ్లైంది, ఒక బాబు. ఈ మధ్యలో ఆమె గురించి వాకబు చేయగలిగేదాన్నే. కె. కోటపాడు ఎంత దూరమని? చేయలేదు. ఆమె ఏమైపోయిందో తెలియకుండా ఉంటేనే నాకు బతకడం సుళువుగా ఉండేది.

రెండేళ్ల కిందట మా విద్యార్థినుల్ని తీసుకుని అచ్యుతాపురం దగ్గర ఒక ఊళ్లో ఆరోగ్య శిబిరానికి వెళ్లాను. బీపీ చూసే బల్ల దగ్గర కూర్చున్నాను. కంపెనీ బస్సు దిగి వచ్చిన ఆడవాళ్లు నలుగురు వరసలో నిలబడ్డారు. మూడో ఆమె చెయ్యి చాపి కూర్చుంది. కఫ్ చుడుతుంటే, "ఒలే, నువ్వేనేటే?" అంది.

తలెత్తాను. కొంచెం లావైంది. కళ్లు మాత్రం అవే. నేను బీపీ మర్చిపోయి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాను. ఆమె నవ్వింది. ఆ ఊళ్లోనే ఉంటోందట. భర్తదీ అదే కంపెనీ. ఒక పాప. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో చేరి, ఇప్పుడు ఒక లైనుకి లీడరైంది.

"బ్యాచ్ నంబరు, తారీకు, అన్నీ సరిసూడాల. అక్కడ ఐదుసార్లు సూత్తే తిట్టేరు గదా, ఇక్కడ ఐదుసార్లు సూడకపోతే తిడతారు" అంది. మా పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె బాగుందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే, 'ఇంక చెప్పక్కర్లేదు కదా' అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచనే నన్ను వదల్లేదు. మూడు వారాలు అటూ ఇటూ ఊగి, ఓ ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాకుండా తిన్నగా అచ్యుతాపురం బస్సెక్కాను.

ఆమె బీరకాయలు చెక్కు తీస్తోంది. భర్త పాపని తీసుకుని బజారుకి వెళ్లాడు. నాకు కుర్చీ వేసి, తను గచ్చు మీద కూర్చుంది. నేను కుర్చీ దిగి ఆమెకెదురుగా కూర్చుని, అన్నీ చెప్పాను. కవరు, లైబ్రరీ, చింపిన కాగితం, ఖాళీ ఫారం, వాళ్ల నాన్నతో అన్న మాట. ఆమె చెక్కు తీస్తూనే వింది. నేను ఆగాక కత్తి పక్కన పెట్టింది.

"మరి అందుల ఏటని రాసేవు?"

"అంతా బాగుందని."

"నిద్ర బాగా పడతందనీ?"

"అవును."

బీరకాయ చెక్కులన్నీ ఒక పక్కకి కూడదీసింది.

"రెండు శనివారాలు కూకున్నాను గేటుకాడ. ఆ మేడం సదివేసి కూడా రానేదంటే, ఇదేటీ పెద్ద కష్టం కాదు గావాల, అందరికీ ఉన్నదే గావాల, నానే పనికిరానిదాన్ననుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకుంటన్నాను." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆయమ్మకి అసలు నా కాయితమే సేరనేదన్నమాట."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇయ్యాల్టికి ఎల్లు. ఇప్పుడేటీ అనకు."

బస్సులో నాకు ఒక్కటే అనిపిస్తూ వచ్చింది. నేను చెప్పినందువల్ల నా బరువు కొంత దిగింది. ఆ దిగిన బరువు ఆమె మీద పెట్టి వచ్చాను. చెప్పడం మంచి పనో, మరో స్వార్థమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత ఆ వైజాగు మేడం నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పుడు ఎక్కడో ప్రిన్సిపాల్. అంతా విని, పరిశోధన గురించి ఒక్క మాటా అనలేదు. "ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. తర్వాత, "ఒక్క నంబరూ రాకపోతే నేనైనా ఒకసారి వచ్చి అడగాల్సింది" అన్నారు. తప్పులో ఆవిడ కూడా వాటా తీసుకుంటుంటే నాకు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది. ఆమెతో మాట్లాడతానని ఆవిడ అన్నారు. నేను కబురు చెబితే, "ఇప్పుడేటి మాటాడతాను? అప్పుడు కావాల్సొచ్చింది" అంది మా గది అమ్మాయి.

మళ్లీ చదువుతావా, ఫీజు సంగతి నేను చూస్తాను అని కూడా ఒకసారి అడిగాను. "నాకు నా పని బాగుంది" అంది. నాకు ఓదార్పు కోసం అందా, నిజంగానే అందా అని ఆలోచించబోయి మానుకున్నాను. ఆమె తరఫున సమాధానాలు నేను ఊహించుకోవడం ఇక చాలు.

మా క్లాసులో ఇప్పుడు వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉంది. వైవాలో చెమటలు పడతాయి. నేను ఆ అమ్మాయిని అందరి ముందూ ప్రశ్నలడగను, గదికి పిలిచి కాగితం మీద రాయమంటాను. బాగా రాస్తుంది. "ఎలా ఉన్నావమ్మా?" అంటే, "బాగానే ఉన్నాను మేడం" అంటుంది. నిజమేనా అని మళ్లీ అడగనా, అడిగితే ఇంకా ముడుచుకుపోతుందా అని ప్రతిసారీ తడబడతాను. ఇది నా ప్రాయశ్చిత్తమని చెప్పుకోను. అది ఆ అమ్మాయికి రావాల్సిన న్యాయం, అంతే. అచ్యుతాపురంలో ఉన్నామెకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పోయిన నెల వాళ్ల పాపకి జ్వరమొస్తే ఆమే నాకు ఫోన్ చేసింది. వెళ్లాను. వైరల్ జ్వరమే, మూడో రోజుకి తగ్గింది. పాప నా స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని అమ్మ గుండె విని, "టక్ టక్ అంటంది" అని ఎగిరింది. ఇద్దరం నవ్వాం. కాఫీ ఇచ్చింది. వచ్చేటప్పుడు ఆటో దాకా తోడొచ్చింది. శిబిరంలో "ఒలే" అని పిలిచిన మనిషి, ఆ ఆదివారం తర్వాత నన్ను "మీరు" అంటోంది. దాన్ని నేను ప్రశ్నించలేదు.

ఆటో కదులుతుంటే, "మళ్లీ ఈ ఆదివారం వస్తాను, పాపని చూడ్డానికి" అన్నాను.

ఆమె ఆటో మీద నుంచి చెయ్యి తీసింది.

"వచ్చేముందు ఫోన్ సేసి రండి" అంది.